మొదటి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) వచ్చింది. సరుకు కదిలించే ముందు ఏం చూసుకోవాలి?

తేజ గుంటూరు

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారు ముప్పై ఏళ్లుగా మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నారు. నేను రెండేళ్ల కిందట ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) తీసుకుని, స్పైసెస్ బోర్డులో రిజిస్టర్ చేయించుకుని ఎగుమతి మొదలుపెట్టాను. ఇప్పటిదాకా మలేసియాకు మూడు కంటైనర్లు పంపాను. ముందు కొంత అడ్వాన్సు, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఓడ ఎక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) కాపీ మెయిల్ చేశాక మిగతాది. ఇబ్బందేమీ రాలేదు.

ఇప్పుడు ఢాకా పార్టీ ఒకరు తొడిమతో ఉన్న తేజ రకం మిర్చి 28 టన్నులు అడిగారు. రెండు నలభై అడుగుల కంటైనర్లు. టన్ను 2,300 డాలర్లు, మొత్తం 64,400. ఎల్‌సీ మీదే చేస్తామన్నారు, అంటే కాగితాలు సరిగ్గా ఇస్తే వాళ్ల బ్యాంకు డబ్బు కడుతుందన్న హామీ మీద. గురువారం బ్యాంకు నుంచి ఫోన్ వస్తే వెళ్లి తెచ్చుకున్నాను. ఆరు పేజీలు. అన్నీ పెద్దక్షరాల ఇంగ్లీషు, పక్కన 31డీ, 46ఏ, 47ఏ అని నంబర్లు. సగం అర్థమైంది.

నాన్న ఒకటే మాట: "బ్యాంకే కడతానంటుంటే ఇంకా ఆలోచనేంట్రా, ఏసీలోంచి టిక్కీలు తీయించు." (ఏసీ అంటే ఇక్కడ కోల్డ్ స్టోరేజీ, టిక్కీలంటే మిర్చి బస్తాలు.) ఈ ఎల్‌సీ మీద ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు పంపే ముందే ఇచ్చే అప్పు) ఇస్తామని బ్యాంకులో కూడా అన్నారు. నాకు మాత్రం కొన్నిచోట్ల అనుమానంగా ఉంది.

ఆఖరి షిప్‌మెంట్ తేదీ ఫిబ్రవరి 20. ఎల్‌సీ గడువు మార్చి 7, ఆ పక్కనే బంగ్లాదేశ్ అని ఉంది. కాగితాలు ఇవ్వడానికి షిప్‌మెంట్ నుంచి 15 రోజులు. పార్షియల్ షిప్‌మెంట్ (విడతలుగా పంపడం), ట్రాన్‌షిప్‌మెంట్ (దారిలో ఓడ మార్చడం) రెండూ కుదరవని రాశారు. ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చూసేవాడు) ఏమో చెన్నై నుంచి చిట్టగాంగ్‌కు కొలంబోలో ఓడ మారక తప్పదంటున్నాడు. సరుకు వివరంలో 28 టన్నులు, 25 కిలోల బస్తాలు 1,120 అని ఉంది. కావాల్సిన కాగితాల్లో ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బీఎల్, ఫైటో (సరుకుకు చీడపీడలు లేవనే సర్టిఫికెట్), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ ఉన్నాయి. వీటితోపాటు ఒక ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ అడిగారు. దాని మీద కొనేవాళ్ల ప్రతినిధి సంతకం ఉండాలట, ఆ సంతకం ఢాకా బ్యాంకు రికార్డులో ఉన్న సంతకంతో కలవాలట.

ఇవన్నీ మామూలేనా? సోమవారం ఏసీ వాళ్లకు సరుకు తీయమని చెప్పాలి. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత గుంటూరు

ఎల్‌సీ వచ్చిందంటే సగం డబ్బు చేతికి వచ్చినట్టే తమ్ముడూ. మా బావ ఎప్పుడూ ఎల్‌సీ మీదే చేస్తాడు. టెన్షన్ పడకుండా లోడ్ చేయించు.

అరండల్‌పేట అక్క

తమ్ముడూ, సోమవారం ఏసీ వాళ్లకు ఫోన్ చేయొద్దు. సరుకు ఇంకో వారం అక్కడే ఉండనీ. పై మాట మంచి మనసుతో చెప్పినదే, కానీ ఈ ఎల్‌సీ చూసి నువ్వు లోడ్ చేస్తే నీ డబ్బు ఆ ఢాకా పార్టీ దయ మీద ఉన్నట్టే.

నేను ఇక్కడ గుంటూరులోనే మిర్చి ఎగుమతి ఆఫీసుల్లో పంతొమ్మిదేళ్లుగా డాక్యుమెంట్లు చేస్తున్నాను. నేను మొదట నేర్చుకున్నది ఒకటే. ఎల్‌సీ తెరిచిన బ్యాంకు నీ మిరపకాయ ఒక్కటి కూడా చూడదు. రంగు బాగుందా, తాలు ఎంత ఉంది, కారం ఎంత, వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల బల్ల మీదకు ఒక కాగితాల కట్ట వస్తుంది. ఆ కట్ట ఎల్‌సీలో రాసినట్టు ఉంటే కట్టాలి, లేకపోతే కట్టక్కర్లేదు. ఎల్‌సీలు దాదాపు అన్నీ నడిచేది యూసీపీ 600 మీద. పారిస్‌లో ఉండే ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) తయారుచేసిన నిబంధనలు, 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో 5వ ఆర్టికల్ చెప్పేది ఇదే, బ్యాంకులకు కాగితాలతోనే పని అని. ఇది నీకు మేలు కూడా. కాగితాలు సరిగ్గా ఉంటే, సరుకు బాగాలేదని కొనేవాడు ఎంత మొత్తుకున్నా బ్యాంకు కట్టాల్సిందే.

అందుకే ఆ ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోవాలి. మిగతా కాగితాలన్నీ నువ్వు తయారుచేసేవో, ఇక్కడి ఆఫీసుల నుంచి తెచ్చుకునేవో. ఇదొక్కటే కొనేవాడి చేతిలో ఉంది. ధర పడిపోయిందనుకో, వాళ్ల మనిషి రాడు. వచ్చినా సంతకం పెట్టడు. పెట్టినా, ఢాకాలో ఉన్న నమూనాతో కలవలేదని అక్కడ అంటారు. ఆ నమూనా నువ్వు ఎప్పుడైనా చూశావా? చూసే దారే లేదు. ఇర్రివోకబుల్ (నువ్వు ఒప్పుకోకుండా రద్దు చేయలేనిది) అని పైన ఎంత పెద్దగా రాసి ఉన్నా, ఈ ఒక్క లైను వల్ల అది కొనేవాడు తలుచుకుంటే ఆగిపోయే ఎల్‌సీ అవుతుంది. దీన్ని తీయించాలి. తనిఖీ కావాలని వాళ్లు పట్టుబడితే ఎస్‌జీఎస్ లాంటి బయటి సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అని మార్పించు. ఆ సంస్థవాళ్లు ఫీజు తీసుకుని, సరుకు చూసి, ఉన్నది రాసిస్తారు.

తేదీలు కూడా నీకు సరిపోవు. లెక్క వేసి చూడు. ఫిబ్రవరి 20న ఓడ ఎక్కిందనుకో. బీఎల్ చేతికి రావడానికి రెండు మూడు రోజులు. చెన్నై నుంచి గుంటూరు వచ్చి, మిగతా కాగితాలతో కలిపి, నువ్వు మన బ్యాంకులో ఇచ్చేసరికి 25, 26. మన బ్యాంకు చూడాలి, కొరియర్ వెళ్లాలి. గడువు బంగ్లాదేశ్‌లో ముగుస్తుందని రాశారు కదా, అంటే మార్చి 7 లోపు ఆ కట్ట ఢాకాలో ఉండాలి. మనకు ఆదివారం సెలవు, వాళ్లకు శుక్ర, శనివారాలు. ఫిబ్రవరి 21 వాళ్లకు భాషా దినం సెలవు. ఒక్క కాగితం తిరిగి చేయాల్సి వచ్చిందంటే అయిపోయినట్టే. గడువు ఇండియాలో ముగిసేలా మార్చమను. 15 రోజుల బదులు 21 అడుగు. ఎల్‌సీలో ఏమీ రాయకపోతే యూసీపీ ఇచ్చేది కూడా 21 రోజులే, కాబట్టి నువ్వు గొంతెమ్మ కోరికేం కోరడం లేదు. దాంతోపాటు గడువు తేదీని కూడా మార్చి 7 తర్వాతకు జరిపించాలి. మార్చి 7 అలాగే ఉంచి 21 రోజులు ఇస్తే ఉపయోగం లేదు.

బస్తాల లెక్క ఇంకోటి. 28 టన్నులు అని ఊరుకుంటే అయిదు శాతం అటూ ఇటూ నిబంధనల్లోనే ఉంది, బిల్లు ఎల్‌సీ మొత్తం దాటకూడదు, అంతే. కానీ 1,120 బస్తాలు అని సంఖ్య వేశారు కాబట్టి ఆ వెసులుబాటు పోయింది. తొడిమ కాయ ఎంత నొక్కి కట్టినా కంటైనర్‌లో 560 పడతాయని చివరి బస్తా ఎక్కేదాకా నమ్మకం లేదు. ఆఖర్లో ఎనిమిది బస్తాలు తలుపు దగ్గర మిగిలిపోవడం నేను కళ్లారా చూశాను. అందులోనూ నీకు పార్షియల్ కుదరదన్నారు. బస్తాల సంఖ్య తీసేసి, పరిమాణానికీ మొత్తానికీ అయిదు శాతం ఎక్కువ తక్కువ అని రాయించుకో.

ట్రాన్‌షిప్‌మెంట్ గురించి దిగులు అక్కర్లేదు. కంటైనర్‌లో వెళ్లే సరుకుకు, ప్రయాణం మొత్తానికి ఒకే బీఎల్ ఉంటే, ఎల్‌సీలో వద్దని రాసినా కొలంబోలో మారుతుందని చూపే బీఎల్ చెల్లుతుంది. యూసీపీ 20వ ఆర్టికల్. అయినా ఎలాగూ సవరణ అడుగుతున్నావు కదా, అలౌడ్ అని మార్చేయమను. అక్కడ ఎవరికీ సందేహం రాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నా చేతిలోనే పోయింది. 2013లో కొలంబోకు 14 టన్నులు, ఒక్క కంటైనర్. 560 బస్తాలు. ఖాళీ బస్తా వంద గ్రాములు. అంటే సంచులతో కలిపి 14,056 కిలోలు. ఫైటోకు అప్లికేషన్ నింపినప్పుడు నికర బరువు దగ్గర నేను 14,056 వేశాను. సర్టిఫికెట్ అలాగే వచ్చింది. సాయంత్రం ఏడైంది, కొరియర్ కుర్రాడు మెట్ల మీద నిలబడ్డాడు, నేను ఇన్వాయిస్, బీఎల్ చూసుకుని ఫైటో మీద సీలు, సంతకం మాత్రం చూసి కవర్లో పెట్టేశాను. ఇన్వాయిస్‌లో నికర బరువు 14,000, ఫైటోలో 14,056. అవతలి బ్యాంకు అయిదో రోజు తిప్పికొట్టింది. అప్పటికి కాగితాలిచ్చే గడువు దాటిపోయింది. ఆ పది రోజుల్లో ఇక్కడ యార్డులో ధర దిగింది. కొనేవాడు టన్నుకు 150 డాలర్లు తగ్గిస్తేనే తీసుకుంటానన్నాడు. సరుకు పోర్టులో పడి ఉంది, రోజూ అద్దె. ఓనరు గారు ఒప్పుకున్నారు. 2,100 డాలర్లు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఎల్‌సీ రాగానే జిరాక్సు తీసి పక్కన పెట్టుకుంటాను. చెక్క స్కేలు ఒక్కో లైను కింద పెట్టి పైకి చదువుతాను, ఎదురుగా ఇంకొకరు డాక్యుమెంట్ చూస్తూ అవునంటారు. కలిసిన లైనుకు ఎర్ర పెన్సిల్ టిక్కు. బరువు, బస్తాలు, కంటైనర్ నంబరు, సీలు నంబరు, ఇవి ప్రతి కాగితంలోనూ విడిగా ఒక చుట్టు చూస్తాం. గంటన్నర పడుతుంది. ఒక్క అక్షరం తప్పినా డబ్బు ఆగుతుందనుకుని చూడాలి.

సవరణ ఎంటీ 707 అనే బ్యాంకు సందేశంగా నీ బ్యాంకుకు వస్తుంది. కొనేవాడు వాట్సాప్‌లో ఓకే అన్నాడని లోడ్ చేయొద్దు.

గవర్నర్‌పేట, విజయవాడ

అరండల్‌పేట అక్కగారు చెప్పిన వాటిలో చేర్చాల్సింది తక్కువే. నేను విజయవాడలో బ్యాంకు ఫారిన్ ఎక్స్ఛేంజ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బల్లకు అవతలి వైపు నుంచి రెండు మూడు సంగతులు చెబుతాను బాబూ.

ముందు మీ నాన్నగారి మాట గురించి. "బ్యాంకే కడతానంటోంది" అన్నారు, ఏ బ్యాంకు? మీకు ఎల్‌సీ అందజేసిన మన బ్యాంకు కాదు. అది అడ్వైజింగ్ బ్యాంకు. ఆ సందేశం అసలైనదిగానే కనిపిస్తోందని చూసి మీకు అందించడంతో దాని బాధ్యత తీరిపోయింది. కడతానని మాట ఇచ్చింది ఢాకా బ్యాంకు. 49వ ఫీల్డ్ చూడండి. వితౌట్ అని ఉంటే ఇంకే బ్యాంకూ తన మాట జత చేయలేదని అర్థం. కన్‌ఫర్మ్ అని ఉండి మరో బ్యాంకు కన్‌ఫర్మేషన్ ఇస్తే, ఢాకా కట్టకపోయినా ఆ బ్యాంకు కట్టాలి. దానికి చార్జీ ఉంటుంది, ఎవరు భరించాలో బేరంలోనే తేల్చుకోవాలి. బ్యాంకు మంచిదే అయినా దేశంలో డాలర్లు లేకపోతే చెల్లింపులు ఆగుతాయి. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపేసింది. బంగ్లాదేశ్‌లో కూడా ఆ ఏడాది డాలర్ల కొరత వచ్చింది. కన్‌ఫర్మేషన్ కుదరకపోతే కనీసం ఈసీజీసీ (ఎగుమతిదారులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ గురించి అడగండి.

రెండోది, 41వ ఫీల్డ్. కాగితాలు ఏ బ్యాంకులో ఇస్తే ఇచ్చినట్టు లెక్కో అక్కడ ఉంటుంది. ఎనీ బ్యాంక్, బై నెగోషియేషన్ (ఏ బ్యాంకులోనైనా కాగితాలు ఇవ్వవచ్చని) అని ఉంటే, గడువు ఇండియాలో ముగిసేలా మార్చుకున్నాక, మన బ్యాంకులో ఇచ్చిన రోజే లెక్క. తర్వాత కొరియర్‌లో పోయినా, కాగితాలు సరిగ్గా ఉన్నట్టయితే ఢాకా బ్యాంకు కట్టాలి, 35వ ఆర్టికల్ అదే చెబుతుంది.

మూడోది, బీఎల్ ఒరిజినల్స్ ఎన్ని అడిగారు? మూడింటికి మూడా, రెండా? రెండే అడిగి, ఒకటి కొనేవారికి నేరుగా కొరియర్ చేయమని ఉంటే జాగ్రత్త. ఒక్క ఒరిజినల్‌తో సరుకు విడిపించుకోవచ్చు. బీఎల్ ఢాకా బ్యాంకు ఆర్డర్‌కు ఉంటే ఆ బ్యాంకు వెనకాల సంతకం పెట్టేదాకా కదలదు కాబట్టి ప్రమాదం తక్కువ. మీ పేరున ఆర్డర్‌కు ఉండి, మీరు వెనకాల సంతకం పెట్టి పంపిస్తే సరుకు పోయినట్టే.

అక్కగారు ఒక్క అక్షరం అన్నారు, అక్కడ చిన్న సవరణ. అర్థం మారని టైపింగ్ తప్పును డిస్క్రెపెన్సీగా (కాగితాలు తిప్పికొట్టదగ్గ తేడాగా) చూడకూడదని ఐఎస్‌బీపీలో, అంటే కాగితాలు ఎలా పరిశీలించాలో చెప్పే ఐసీసీ పుస్తకంలో ఉంది. మెషీన్ స్పెల్లింగులో ఒక అక్షరం తేడా పడితే ఫరవాలేదు, మోడల్ 321 బదులు 123 అని పడితే మాత్రం తప్పే. అంకెలు, పేర్లు, సరుకు వివరం, ఇక్కడ ఎవరూ క్షమించరు. ఇన్వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీకి సరిపోవాలి. మిగతా కాగితాల్లో ఎల్‌సీకి విరుద్ధం కాకుండా మామూలు మాటల్లో రాసినా చాలు.

కాగితాలు తిప్పికొట్టాలంటే బ్యాంకుకూ నియమాలున్నాయి. అందిన మర్నాటి నుంచి అయిదు బ్యాంకు పనిదినాలు. ఆలోపు ఒకే నోటీసులో తప్పులన్నీ చెప్పాలి. ఇవాళ ఒకటి, వారం తర్వాత ఇంకోటి అంటే చెల్లదు. అందిన తేదీ మీరు రాసి పెట్టుకోండి. గడువు మిగిలి ఉంటే తప్పు దిద్ది మళ్లీ ఇవ్వవచ్చు. ఆఖరి రోజుకు కాకుండా వారం ముందు ఓడ ఎక్కించమనేది అందుకే.

తేజ గుంటూరు

అక్కా, సార్, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. మీ మెసేజ్‌లు ప్రింటు తీసి నాన్నగారి పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఇన్‌స్పెక్షన్ సంగతి వినగానే ఆయనే ఏసీకి ఫోన్ చేసి ఆపమన్నారు.

చూశాను సార్. 49లో వితౌట్ అనే ఉంది. 41లో ఎనీ బ్యాంక్, బై నెగోషియేషన్. బీఎల్ ఢాకా బ్యాంకు ఆర్డర్‌కే, కానీ ఒరిజినల్స్ మూడింటికి రెండు అని ఉంది. మూడోది షిప్‌మెంట్ అయిన మూడు రోజుల్లో కొనేవాళ్లకు పంపాలని 47ఏలో (అదనపు షరతుల్లో) రాశారు. అది నేను అసలు గమనించనే లేదు.

ఢాకా పార్టీతో మాట్లాడాను. గడువు, టాలరెన్స్ (ఎక్కువ తక్కువల వెసులుబాటు), ట్రాన్‌షిప్‌మెంట్ మారుస్తామన్నారు. ఇన్‌స్పెక్షన్ దగ్గర మాత్రం, మా మనిషి గుంటూరు వచ్చి సరుకు చూసి లోడింగ్‌కు ముందే సంతకం పెట్టి ఇచ్చేస్తాడు, మీకు భయమెందుకు అంటున్నారు. లోడింగ్‌కు ముందే ఇస్తే పరవాలేదా?

అరండల్‌పేట అక్క

ముందే ఇచ్చినా సంతకం నమూనాతో కలవాలన్న మాట ఉన్నంతకాలం పరవాలేదని నేను చెప్పను. ఆ మనిషి రావడం మంచిదే, రమ్మను. ఏసీ దగ్గర నిలబడి ఏ బస్తా కావాలంటే ఆ బస్తా కోసి చూసుకోమను. కానీ ఎల్‌సీలో అడిగే కాగితం మాత్రం బయటి సంస్థది కావాలి. తనిఖీ చార్జీ సగం నేను భరిస్తానని అడిగి చూడు. చాలామంది ఆ మాటకు దిగివస్తారు.

టైపింగ్ తప్పుల గురించి సార్ చెప్పింది నిజమే. నేను మాత్రం దిద్దకుండా పంపను. దిద్దడానికి పది నిమిషాలు, అవతలి వాళ్లతో వాదించడానికి పది రోజులు.

తేజ గుంటూరు

ఈరోజు 707 వచ్చింది. ఇన్‌స్పెక్షన్ బయటి సంస్థకు మార్చారు, చార్జీ సగం నాది. గడువు మార్చి 20, ఇండియాలో. 21 రోజులు. టాలరెన్స్ అయిదు శాతం ఇచ్చారు, బస్తాల సంఖ్య తీసేశారు. బీఎల్ మాత్రం రెండు ఒరిజినల్సే, మార్చలేదు. పైగా ఆఖరి షిప్‌మెంట్ తేదీని ఫిబ్రవరి 20 నుంచి 12కు తెచ్చారు. అది మేం మాట్లాడుకోలేదు. మంచివి ఒప్పుకుని ఆ తేదీ ఒక్కటీ వద్దని చెప్పొచ్చా?

గవర్నర్‌పేట, విజయవాడ

కుదరదు బాబూ. ఒక సవరణలో కొంత ఒప్పుకుని కొంత వద్దంటే మొత్తం తిరస్కరించినట్టే, 10వ ఆర్టికల్. మీరు మౌనంగా ఉన్నా ఒప్పుకున్నట్టు కాదు, అది మీకు అనుకూలం. ఇంకో సవరణ పంపమనండి. షిప్‌మెంట్ తేదీ మళ్లీ 20కి, బీఎల్ మూడింటికి మూడు, 47ఏలో ఆ నేరుగా పంపే లైను తీసేయాలి. అది వచ్చాక రెండూ కలిపి ఒప్పుకుంటున్నట్టు బ్యాంకుకు కాగితం ఇవ్వండి.

తేజ గుంటూరు

అలాగే సార్. ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఏసీ వాళ్లకు రెండో 707 చేతికొచ్చేదాకా ఒక్క టిక్కీ కూడా తీయొద్దని చెప్పాను.

అరండల్‌పేట అక్క

మంచిది. ఫైటోకు అప్లై చేసేటప్పుడు నికర బరువు, స్థూల బరువు రెండుసార్లు చూసుకో. సబ్మిట్ చేసే ముందు డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టు, పేర్లు కొట్టేసి పెట్టు. నేను చూస్తాను.